తీరిక కబుర్లు: అమెరికా బంతాట వీరులు, మా జమాఖర్చు

పోయిన నెల ఈ శీర్షిక క్రింద చెడుగుడు గూర్చి వ్రాస్తూ, మాటవరసకు అమెరికావారి ఫుట్‌బాల్‌ను ఒక్కసారి తలచినాము. తలచిన పాపానికి మన సంఘ గ్రంథాలయంలో నలుగురు మమ్మల్ని చుట్టుముట్టినారు. ఆంబోతులవలె ఢీకొనే ఆ ఆటలో మీకు రుచించినదేమిటండీ అని ఒకరు. అందులో పేరుమోసినవారెవరు, మీ లెక్కన ఎవరు గొప్ప అని ఇంకొకరు. మొదటి ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం. ఒకరికి కాకరకాయ ఎందుకు ఇష్టమో అడిగి ప్రయోజనమేమి? రెండవ ప్రశ్నకు మాత్రం చెప్పగలము. చెప్పక ఊరుకోలేము కూడాను. అభిమానికి ఉన్న ఆస్తి అభిప్రాయాలే గదా!

అక్కడ ఆదివారం రాత్రి జరిగే ఆట మనకు సోమవారం ప్రొద్దున వస్తుంది. ఇంట్లో క్యారియరు సర్దేలోగా సగం ఆట చూసి, తక్కినది ఆఫీసు నుంచి వచ్చిన తరువాత చూసే అలవాటు మాకు కొన్నేళ్లుగా ఉన్నది. సూపర్ బౌల్ అనే ఆఖరి పోటీ ఫిబ్రవరిలో, మన సోమవారం తెల్లవారి అయిదు గంటల ప్రాంతాన మొదలవుతుంది. ఆ ఒక్క రోజుకు సెలవుచీటీ ముందుగానే పెట్టుకొంటాము. ఆ సెలవు ఎందుకో పై అధికారికి ఇంతవరకు తెలియదు. ఈ పత్రిక వారికి అందదు గనుక ధైర్యంగా వ్రాస్తున్నాము.

ఆట తెలియనివారి కొరకు నాలుగు ముక్కలు. పేరు ఫుట్‌బాలే గాని బంతి ఎక్కువసేపు చేతుల్లోనే ఉంటుంది. బంతి కూడా గుండ్రంగా ఉండదు. కోలగా, రెండు కొసలూ మొనదేలి ఉంటుంది. గీతకు గీతకు నడుమ మైదానం నూరు గజాలు. ఒక్కొక్క పక్షాన పదకొండుగురు. బంతి చేతికి వచ్చిన జట్టుకు నాలుగు అవకాశాలు. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకు పోవాలి. పోగలిగితే మళ్లీ నాలుగు. పోలేకపోతే బంతి ఎదుటివారిది. బంతితో చివరి గీత దాటితే ఆరు పాయింట్లు. బంతి ఎవరికి అందించాలో, ఎక్కడికి విసరాలో తేల్చుకొనేవాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. మన చెడుగుడులో కూతకు వచ్చినవాణ్ణి పట్టి పడవేసినట్లే, ఇక్కడ బంతి పట్టినవాణ్ణి పడవేస్తారు. చెడుగుడు ఆడినవారికీ, ఇక్కడి మరాఠీవారి హుతుతు చూసి పెరిగినవారికీ ఇది బొత్తిగా తెలియని విద్య కాదు. ఇప్పుడు అక్కడ 32 జట్లున్నవి. ప్రతి జట్టూ ఏడాదికి 17 ఆటలు ఆడి, ఆ పైన గెలిచినవారు ఆఖరి పోటీ వైపు నడుస్తారు.

ఇక మనుషుల మాట. మేము ఇరవై ఏళ్లుగా పద్దులు వ్రాసే ఉద్యోగం చేస్తున్నవాళ్లం. జమ ఒక వైపు, ఖర్చు ఒక వైపు. ఒక్క వైపే చూపే లెక్కను ఏ ఆడిటరూ ఒప్పుకోడు. ఆటగాళ్ల విషయంలో అభిమానులు జమ మాత్రమే చూస్తారు. గిట్టనివారు ఖర్చు మాత్రమే చూస్తారు. మేము రెండూ వ్రాయదలచినాము.

మొదటి పేరు జానీ యూనిటాస్. 1955లో పిట్స్‌బర్గ్ జట్టు ఇతణ్ణి తీసుకొని, ఒక్క ఆటైనా ఆడించకుండానే పంపివేసింది. ఇంటిల్లిపాదినీ పోషించుకోవాలి గనుక అతడు కట్టడం పనుల్లో చేరి, సెలవు దినాల్లో బ్లూమ్‌ఫీల్డ్ రామ్స్ అనే చిన్న జట్టులో ఆటకు ఆరు డాలర్ల చొప్పున ఆడినాడు. మరుసటి ఏడు బాల్టిమోర్ జట్టు పిలిచింది. 1958 డిసెంబరు 28వ తేదీన న్యూయార్కులో జరిగిన ఆఖరి పోటీలో స్కోరు సమమై, ఆట అదనపు సమయానికి పోయింది. ఆ ఒత్తిడిలో తొందరపడకుండా, ఒక్కొక్క అడుగూ లెక్కపెట్టినట్లు జట్టును గీత దాకా నడిపించి 23–17గా గెలిపించినాడు. ఆ ఆటను టెలివిజన్‌లో చూసిన తరువాతనే అమెరికాలో ఈ ఆటకు దశ తిరిగిందని చాలామంది అంటారు. 1956 నుంచి 1960 దాకా వరుసగా 47 ఆటల్లో ప్రతి ఆటలోనూ కనీసం ఒక్క టచ్‌డౌన్ బంతి విసిరినాడు. ఆ లెక్కను దాటడానికి 2012లో డ్రూ బ్రీస్ వచ్చేదాకా ఎవరికీ చేతకాలేదు. కురచ క్రాపు, నల్లని ఎత్తు బూట్లు, మాటలు తక్కువ. మా లెక్కలో పనిమంతుడంటే ఇట్లా ఉండాలి. అయితే అంత బంతి విసిరిన ఆ కుడిచేయి చివరి రోజుల్లో పట్టుతప్పిపోయింది. ఇది ఖర్చు వైపు మొదటి పద్దు. దీన్ని మరువవద్దు, మళ్లీ ఇక్కడికే వస్తాము.

రెండవవాడు శిక్షకుడు విన్స్ లాంబార్డి. న్యూయార్కులో బ్రూక్లిన్‌లో పుట్టిన ఇటలీ సంతతివాడు. మొదట ఒక హైస్కూల్లో లాటిను, రసాయన శాస్త్రం, భౌతిక శాస్త్రం చెప్పిన పంతులు. 1958లో గ్రీన్‌బే జట్టు పన్నెండు ఆటల్లో ఒక్కటే గెలిచింది, ఒకటి సమం, పది ఓడింది. 1959లో ఆయన వచ్చిన మొదటి ఏడాదే ఏడు గెలిచినారు. 1961, 1962, 1965, 1966, 1967 సంవత్సరాల్లో అయిదుసార్లు విజేతలైనారు. మొదటి రెండు సూపర్ బౌల్‌లూ అందులోనివే. ఆయన ఎత్తుగడలు కొల్లలేమీ కావు. కొన్నింటినే తీసుకొని, ఎదుటివాడికి తెలిసినా ఆపలేనంతగా సాధన చేయించినాడు. పాఠం చెప్పే పంతులు పద్ధతే అది. వెనకబడ్డ పిల్లవాడికి కూడా అర్థమయ్యేదాకా ముందుకు కదలడు.

గెలుపే సర్వస్వమన్న మాట ఆయనదిగా లోకంలో చెల్లుతున్నది. అసలు ఆ మాట అంతకు ముందే రెడ్ శాండర్స్ అనే మరొక శిక్షకుడు అన్నది. మాకు లాంబార్డి గొప్పతనం వేరొకచోట కనబడుతుంది. ఆ రోజుల్లో నల్లజాతి ఆటగాళ్లను కొన్ని హోటళ్లవారూ సారాయి దుకాణాలవారూ లోపలికి రానిచ్చేవారు కారు. మా వాళ్లలో ఒకణ్ణి రానివ్వని దుకాణానికి మా జట్టువాడు ఒక్కడూ రాడని ఆయన ఊరివారికి తేల్చి చెప్పినాడు. ఆయన 1970లో, 57వ ఏట, క్యాన్సరుతో కన్నుమూసినాడు. సూపర్ బౌల్ గెలిచినవారికి ఇచ్చే వెండి బహుమతికి ఆయన పేరే పెట్టినారు. ఖర్చు వైపు ఏమీ లేదా అంటే, ఉన్నది. నోటి దురుసు మెండు. దెబ్బ తగిలి కుంటుతున్నవాణ్ణి కూడా లేచి ఆడమనేవాడు. దాన్ని ఆనాడు పౌరుషమన్నారు. ఈనాడు అనలేము.

మూడవవాడు జిమ్ బ్రౌన్. ఇతడి దగ్గరనే మా కలం ఆగి ఆగి నడుస్తున్నది. 1957 నుంచి 1965 దాకా క్లీవ్‌లాండ్ జట్టులో తొమ్మిదేళ్లు ఆడినాడు. అందులో ఎనిమిదేళ్లు బంతితో పరుగెత్తడంలో దేశం మొత్తానికి మొదటివాడు. 118 ఆటలు, ఒక్క ఆట తప్పలేదు. మొత్తం 12,312 గజాలు. ఆట ఒక్కింటికి సగటున నూరు గజాలు దాటినవాడు ఈ నాటికీ అతడొక్కడే. 1966లో ఇంగ్లాండులో సినిమా షూటింగు ఆలస్యమై సాధనకు రాలేకపోతే, జట్టు యజమాని జుల్మానా వేస్తానని బెదిరించినాడు. బ్రౌన్ బెదరలేదు, ఆటకే స్వస్తి చెప్పినాడు. అప్పటికి వయసు 30. 1967లో ముహమ్మద్ అలీ యుద్ధానికి పోనని నిలబడినప్పుడు, పేరున్న నల్లజాతి క్రీడాకారులను క్లీవ్‌లాండ్‌కు పిలిపించి అలీ పక్షాన నిలిపినవాడు ఇతడే.

ఇంత జమ ఉన్నవాడికి ఖర్చూ అంతే పెద్దది. స్త్రీలపై చేయి చేసుకొన్నాడన్న అభియోగాలు పలుమార్లు వచ్చినవి. 1999లో భార్య కారును పగులగొట్టిన నేరం ఋజువైంది. కోర్టు విధించిన షరతులకు ఒప్పుకొనక 2002లో జైలుకు పోయినాడు. 2023 మే నెలలో, 87వ ఏట, అతడు మరణించినప్పుడు వ్యాసాలు రెండు రకాలుగా వచ్చినవి. కొన్నిటిలో పరుగులే ఉన్నవి, కొన్నిటిలో నేరాలే ఉన్నవి. మా అభిప్రాయం అడిగితే, ఆ పరుగు వంటిది మరొకటి లేదు. అతడు ఆటలోనూ ప్రజాసేవలోనూ నిలబెట్టిన గౌరవం నిజమైనది. అయినా ఇంటి ఆడకూతురికి భయం కలిగించినవాణ్ణి మా పిల్లలకు ఆదర్శమని చూపించము. ఒకదాన్ని చూపి రెండవదాన్ని కొట్టివేయడం లెక్క కాదు. రెండు మొత్తాలనూ పక్కపక్కనే ఉంచుదాము.

మరి పిల్లలకు చూపదగినవాడెవడయ్యా అంటే, బ్యారీ శాండర్స్ అంటాము. డెట్రాయిట్ జట్టులో 1989 నుంచి 1998 దాకా పదేళ్లు. పొట్టివాడు, పట్టుకోబోయినవారి చేతుల్లో నుంచి చేపలా జారిపోయేవాడు. గీత దాటిన తరువాత ఇతరులు గంతులు వేస్తారు, బంతిని నేలకు కొడతారు. ఇతడు బంతిని రెఫరీ చేతికిచ్చి నెమ్మదిగా వెనక్కు నడిచేవాడు. మొదటి ఏడాది ఆఖరి ఆటలో, ఇంకొక పది గజాలు పరుగెత్తితే ఆ యేటి అగ్రస్థానంతో సమానమవుతాడు. ఆట ఎటూ తమదేనని తేలిపోయింది, లోపలికి పోతావా అని శిక్షకుడు అడిగితే, అక్కరలేదన్నాడు. 1,470 దగ్గర ఆగిపోయినాడు, మొదటివాడికి 1,480. 1999 జూలైలో, వాల్టర్ పేటన్ పేర ఉన్న 16,726 గజాల పెద్ద లెక్కకు 1,457 మాత్రమే దూరంలో ఉండగా, సొంత ఊరు విచిటాలోని పత్రికకు ఒక ఉత్తరం ఫ్యాక్స్‌లో పంపి ఆట మానుకొన్నాడు. అభిమానులు మండిపడినారు. ఆనాటి కోపం మాకూ అర్థమవుతుంది. చెప్పే తీరు ఇంకొంచెం మర్యాదగా ఉండవచ్చును. అయినా ఎప్పుడు ఆపాలో తెలిసినవాడు ఏ రంగంలోనైనా అరుదే. మా ఆఫీసులో రిటైరైన తరువాత కూడా పాత కుర్చీ చుట్టూ తిరిగేవారిని చూస్తున్న మాకు ఆ ఉత్తరం విలువ తెలుసు.

ఆ పేటన్ గూర్చి కూడా రెండు మాటలు. షికాగో జట్టులో 13 ఏళ్లలో ఒక్క ఆట మాత్రమే తప్పినాడు. పట్టుబడతానని తెలిసినా చివరి అరగజం కొరకు ఎదురు తిరిగి ఢీకొనేవాడు. 1999లో, 45 ఏళ్లకే, కాలేయ వ్యాధితో పోయినాడు. ఆటతో పాటు సమాజసేవ చేసినవాడికి ఏటేటా ఇచ్చే బహుమతికి అతడి పేరు పెట్టినారు. తరువాత 2002లో ఎమిట్ స్మిత్ ఆ పెద్ద లెక్కను దాటినాడు.

ఈ కాలంవారి మాట చెప్పకపోతే యువకులు నొచ్చుకొంటారు. టామ్ బ్రేడీని 2000వ సంవత్సరంలో 199వవాడిగా తీసుకొన్నారు. అంటే అతనికి ముందు 198 మంది మేలని పెద్దలంతా కూర్చొని తేల్చినారన్నమాట. అతడు ఏడు సూపర్ బౌల్‌లు గెలిచి, 2023లో 45వ ఏట ఆట విడిచినాడు. ఏ ఉద్యోగంలోనైనా ఎంపిక సంఘంవారు ఈ అంకెను చీటీ మీద వ్రాసుకొని బల్ల మీద పెట్టుకోవాలి. ఖర్చు వైపు ఏమిటంటే, బంతిలో గాలి తగ్గించిన వ్యవహారంలో 2016లో నాలుగు ఆటలు నిషేధం అనుభవించినాడు. తనకేమీ తెలియదని అతడన్నాడు. ఆ వాదం ఈ నాటికీ తీరలేదు. మేము తీర్చబోము.

అతని గురువు బిల్ బెలిచిక్ ఆరుసార్లు సూపర్ బౌల్ గెలిపించిన శిక్షకుడు. ఎదుటి జట్టువారి సైగలను దొంగచాటుగా వీడియో తీయించినందుకు 2007లో 5 లక్షల డాలర్ల జుల్మానా కట్టినాడు. ఇది తప్పే. అయినా ఒక్క విషయంలో మాకు ఆయన మీద ప్రేమ ఉన్నది. మైదానం పక్కన ఎత్తుగడల ఫోటోలు చూసుకోవడానికి మైక్రోసాఫ్ట్‌వారి పలకలు అన్ని జట్లకూ ఇచ్చినారు. ఆ కంపెనీకి 2014 నుంచి ముఖ్యాధికారి హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల అని మనకందరికీ తెలుసు. 2016లో ఒక ఆటలో బెలిచిక్ ఆ పలకను విసిరికొట్టి, ఇక దీనితో నాకు పని లేదు, కాగితం మీద అచ్చువేసిన ఫోటోలే నాకు చాలునన్నాడు. తెలుగువాడి పలకను అవమానించినాడే అని ఒక కంట బాధ. కంప్యూటరు నిలిచిపోయిన ప్రతిసారీ పాత లెడ్జరు తిరగవేసే మా బోంట్లకు ఇంకొక కంట ఆనందం.

ఇప్పటిదాకా ఆడినవారినీ ఆడించినవారినీ చూసినాము. డబ్బు పెట్టినవారిని కూడా చూడాలి. 1934 నుంచి 1945 దాకా ఈ లీగులో ఒక్క నల్లజాతి ఆటగాడూ లేడు. వ్రాతపూర్వకమైన నియమమేదీ లేదు. యజమానులంతా నోరు మెదపకుండానే ఒక్క మాట మీద ఉన్నారు. 1946లో లాస్ ఏంజెలెస్ జట్టు కెన్నీ వాషింగ్టన్, వుడీ స్ట్రోడ్‌లను తీసుకొన్నది. అదీ ప్రజల సొమ్ముతో కట్టిన మైదానంలో ఈ వివక్ష సాగదని అక్కడి నల్లజాతి పత్రికలవారు పట్టుబట్టిన మీదట. వాషింగ్టన్ నగరపు జట్టు యజమాని జార్జి ప్రెస్టన్ మార్షల్ అందరికంటె చివరివాడు. కేంద్ర ప్రభుత్వం, మా స్థలంలో ఉన్న మైదానం మీకివ్వమని బెదిరించిన తరువాత గాని 1962 దాకా దిగిరాలేదు. మా జాబితాలో అన్నిటికంటె అడుగున ఉన్న పేరు ఇదే. ఇతడి పద్దులో జమ వెదకడానికి మాకు ఓపిక లేదు.

ఇంత చెప్పిన తరువాత అసలు బరువైన మాట. మైక్ వెబ్‌స్టర్ అని పిట్స్‌బర్గ్ జట్టులో నట్టనడుమ ఆడేవాడు. ఆట మొదలైన ప్రతిసారీ బంతిని కాళ్ల సందున వెనక్కు అందించి, మరుక్షణం ఎదుటివాడితో తల తలా తగిలేటట్లు ఢీకొనడం అతని పని. 1974 నుంచి 1990 దాకా, చివరి రెండేళ్లు మరొక జట్టులో, ఈ పనే చేసినాడు. నాలుగు సూపర్ బౌల్‌లు గెలిచినాడు. ఇనుప మైక్ అని పిలిచేవారు. ఆట మానిన తరువాత మతిమరుపు, తలనొప్పి, నిద్ర లేకపోవడం, కోపం. సంసారం చెదిరింది, డబ్బు పోయింది, కొన్నాళ్లు తన బండిలోనే పడుకొన్నాడు. 2002 సెప్టెంబరులో 50 ఏళ్లకే మరణించినాడు.

ఆ శవపరీక్ష చేసిన వైద్యుడు బెనెట్ ఒమాలు. నైజీరియాలో పుట్టి, పిట్స్‌బర్గ్‌కు వచ్చి ఉద్యోగం చేసుకొంటున్నవాడు. ఆ ఊళ్లో దేవుడంతటివాడైన వెబ్‌స్టర్ ఎవరో కూడా అతనికి సరిగా తెలియదు. ఈ ఆట మీద ఆసక్తి లేదు. బయటికి చూస్తే మెదడు మామూలుగానే ఉన్నది. అయినా అతడు వదలక, పలుచని ముక్కలుగా కోయించి, సూక్ష్మదర్శినిలో చూసినాడు. పదేపదే దెబ్బలు తిన్న మెదడులో పేరుకొనే ఒక రకం ప్రోటీను అందులో కనబడింది. 2005లో దాన్ని వైద్య పత్రికలో ప్రకటిస్తే, లీగు తరఫు వైద్యులు ఆ వ్యాసం వెనక్కు తీసుకొమ్మని పత్రికకు వ్రాసినారు. అతడు తీసుకోలేదు. పరాయి చోటికి వచ్చి, అక్కడివారికి ఇష్టం లేని నిజం చెప్పి, దానిమీద నిలబడడం ఎంత కష్టమో మనవంటి కుటుంబాలవారికి వేరే చెప్పనక్కరలేదు. మా లెక్కలో ఈ ఆటకు సంబంధించిన మనుషులలో మొదటి వరుసలో కూర్చోదగినవాడు, ఏనాడూ బంతి పట్టని ఈ ఒమాలు.

తరువాత వేలకొలది పాత ఆటగాళ్లు కోర్టుకెక్కినారు. 2013లో రాజీ మొదలై, 2017 నుంచి అమలులోకి వచ్చింది. అందులోనూ ఒక మెలిక పెట్టినారు. నల్లజాతివారి మెదడు మొదటి నుంచే కొంచెం తక్కువ పనిచేస్తుందని లెక్క వేసి, వారికి పరిహారం దొరకడం కష్టమయ్యేట్లు పరీక్షలు కొలిచినారు. 2021లో గోల పుట్టిన తరువాత ఆ పద్ధతి ఎత్తివేయడానికి ఒప్పుకొన్నారు. మార్షల్ పోయి అర్ధశతాబ్దం అయినా అతని లెక్కల పుస్తకం మాత్రం ఎక్కడో బల్ల సొరుగులో ఉండిపోయిందన్నమాట.

ఇటీవల మన సంఘంలో ఒక పెద్దాయన మమ్మల్ని పక్కకు పిలిచినారు. పేరు వ్రాయము. కూతురూ అల్లుడూ టెక్సస్‌లో ఉన్నారు. పదేళ్ల మనమడు ఈ ఆటలో చేరతానని మారాం చేస్తున్నాడట. ‘బాబూ, నువ్వు ఈ ఆట పిచ్చివాడివి గదా, చేర్పించమంటావా వద్దంటావా?’ అని అడిగినారు. మేము వెంటనే చెప్పలేకపోయినాము. ఇతరుల పిల్లలు ఢీకొంటూంటే తెల్లవారుజామున కాఫీ త్రాగుతూ చూసేవాడు, తన ఇంటి పిల్లవాడి మాట వచ్చేసరికి తడబడితే, ఆ తడబాటులోనే జవాబు ఉన్నది. చివరకు చెప్పినది ఇది: ‘అయ్యా, ఒక్క పెద్ద దెబ్బ కంటె ఏళ్ల తరబడి తగిలే చిన్న దెబ్బలే చెరుపు చేస్తవని వైద్యులంటున్నారు. ఎన్నేళ్లు ఎక్కువ ఆడితే ముప్పు అంత ఎక్కువ. నడుముకు కట్టుకొన్న గుడ్డపీలిక లాగితే ఆగిపోవలసిన రకం ఆట ఒకటున్నది. అందులో పడవేయడం లేదు. 2028లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో దాన్ని చేర్చినారు కూడాను. బాబును అందులో చేర్పించమనండి. పరుగూ ఉంటుంది, ఎత్తుగడా ఉంటుంది.’

ఆయన తల ఊపి, ‘మరి నువ్వు చూడడం మానుతావా?’ అన్నారు. ప్రశ్న న్యాయమైనది. 2017లో బోస్టన్ విశ్వవిద్యాలయంవారు ఈ లీగులో ఆడి చనిపోయిన 111 మంది మెదళ్లు పరీక్షిస్తే 110లో ఆ జబ్బు కనబడింది. అనుమానం ఉన్న కుటుంబాలవారే ఎక్కువగా మెదళ్లు ఇచ్చినారు గనుక, ఆడిన అందరికీ అంతే అని చెప్పరాదు. అయినా చిన్న అంకె కాదు. మేము మానలేదు. అయితే చూసే తీరు మారింది. ఎవరైనా తలకు తల తగిలి కూలితే ఇదివరకు భళా అనేవాళ్లం. ఇప్పుడు ఆ మనిషి లేచేదాకా ఊపిరి బిగబట్టుకొంటాము. అభిమానికి ఈ మాత్రం బాధ్యత ఉన్నది. తల మీద కొట్టినవాడికి శిక్ష వేస్తే ఆట పాడైపోయిందని గొణిగేవారి పక్షాన మేము లేము.

2023 జనవరి 2వ తేదీన సిన్సినాటిలో డమర్ హామ్లిన్ అనే 24 ఏళ్ల బఫలో ఆటగాడు ఒకణ్ణి పట్టి పడవేసి, లేచి నిలబడి, మళ్లీ వెనక్కు కూలిపోయినాడు. గుండె ఆగిపోయింది. జట్టుతో ఉండే సహాయక వైద్య సిబ్బందిలో డెనీ కెలింగ్‌టన్ అనేవాడు అక్కడికక్కడే ఛాతీ నొక్కడం మొదలుపెట్టినాడు. రెండు జట్లవారూ చుట్టూ మోకాళ్ల మీద కూర్చొని ఏడ్చినారు. ఆ రాత్రి ఆట ఆపివేసినారు, తరువాతా జరపలేదు. హామ్లిన్ బ్రతికినాడు, ఆ ఏడాదే మళ్లీ మైదానానికి వచ్చినాడు. పిల్లలకు బొమ్మలు కొనిపెట్టడానికి అతడు 2,500 డాలర్ల కొరకు పెట్టిన నిధికి కొద్దిరోజుల్లో 80 లక్షల డాలర్లు దాటి వచ్చినవి. లెక్కల పుస్తకాల్లో ఆ రాత్రికి గజాలూ లేవు, పాయింట్లూ లేవు. ఛాతీ నొక్కి ప్రాణం నిలబెట్టడం ప్రతి సంఘంలోనూ నలుగురికైనా వచ్చి ఉండాలని మాకు ఆ రోజున తోచింది. మన కార్యవర్గంవారు ఒక వైద్యుణ్ణి పిలిచి ఆ శిక్షణ ఏర్పాటు చేస్తే, మొదటి పేరు మాది వ్రాసుకోవచ్చును.

ముగించే ముందు గ్రీన్‌బే గూర్చి ఒక మాట. లాంబార్డి ఆడించిన ఆ జట్టు 1919లో పుట్టింది. మొదటి చొక్కాలకు డబ్బిచ్చినది మాంసం డబ్బాలు కట్టే ఒక కంపెనీ. జట్టు పేరు అందుకే ప్యాకర్స్. ఊరి జనాభా ఈ నాటికీ లక్ష పైచిలుకు మాత్రమే. ఆనాడు ఇట్లా చిన్న ఊళ్లలో పుట్టిన జట్లన్నీ పెద్ద నగరాలకు తరలిపోయినవి, లేదా మూతపడినవి. ఇది మాత్రం నిలిచింది. కారణం, దీనికి ఒక్క యజమాని లేడు. 1923లో మొదటిసారి వాటాలు అమ్మినారు. ఇప్పుడు అయిదు లక్షల మందికి పైగా వాటాదారులున్నారు. ఆ వాటాకు లాభం పంచరు. అమ్ముకొని సొమ్ము చేసుకోవడానికి వీలులేదు. ఒక్కడే ఎక్కువ వాటాలు పోగుచేయకుండా పరిమితి ఉన్నది. చేతికి వచ్చేది ఒక కాగితమూ, ఏటా జరిగే సర్వసభ్య సమావేశంలో కూర్చొనే హక్కూ. ఆ కాగితాన్ని పటం కట్టించి గోడకు తగిలించుకొంటారు. ఏడాది పొడుగునా ఆటలు చూసే టిక్కెట్టు కొరకు లక్షకు పైగా పేర్లు వరుసలో ఉన్నవి. తాత పెట్టిన పేరుకు మనమడి కాలంలో వంతు వస్తుంది.

ఏడాదికి కట్టే చందాకు మాకేమి ముడుతుందని మన సంఘంలో అడిగేవారున్నారు. గ్రీన్‌బేవారికి ముట్టినదే మనకూ ముడుతుంది. ఊరు మారకుండా, మూతపడకుండా, పిల్లలు వచ్చి కూర్చొనడానికి ఒక చోటు మిగులుతుంది. చందా బకాయి ఉన్నవారు ఈ నెలాఖరులోగా కోశాధికారిగారిని కలుసుకొనవలసినదని ఈ సందర్భంలో మనవి.

మా జాబితాతో ఏకీభవించనివారు చాలామంది ఉంటారు. జో మోంటానా పేరేది, లారెన్స్ టేలర్ ఏడి అని అమెరికాలోని మన పిల్లలు తప్పక అడుగుతారు. వారి పద్దులు వారు వ్రాసి పంపవలసినది. జమ, ఖర్చు రెండూ ఉంటే చోటున్నంతమేరకు ప్రకటిస్తాము. వచ్చే నెల ఈ శీర్షికలో మన ఊరి తాలింఖానాలూ, కుస్తీ పట్లూ.